ఎన్నణాల నొప్పి

12 అక్టోబరు 2024, శనివారం

దసరా. డ్రైవర్ అన్న పొద్దున్నే బండి కడిగి పూజ చేశాడు. పసుపు, బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. మందుల పెట్టెక్కూడా బొట్టు పెట్టాడు. "ఇదీ ఆయుధమే కదా సిస్టర్" అన్నాడు. ఏమో.

ప్రపంచ హాస్పిస్, పాలియేటివ్ కేర్ దినం కూడా ఇవాళే. ఏటా అక్టోబరు రెండో శనివారమట. డాక్టరు గారు గ్రూపులో పోస్టర్ పెట్టారు. అందరూ దండాలు పెట్టారు. నేనూ పెట్టాను.

ఐసీయూలో అలారం మోగితే పరిగెత్తేదాన్ని. ఇక్కడ, ఇళ్లకెళ్లి చూసే ఈ పాలియేటివ్ యూనిట్లో, ఏదీ మోగదు. చాప మీద కూర్చోవాలి, వినాలి. చేతులు ఊరుకోవడం లేదు. వెనక్కి పంపమని కాగితం రాసి డ్రాయర్లో పెట్టుకున్నాను. సంక్రాంతి దాకా చూద్దాం.

17 అక్టోబరు, గురువారం

బెల్లం మార్కెట్ వెనక సందు. కలాసీ. ప్రోస్టేట్ క్యాన్సర్, వెన్నులోకి పాకింది. గోడకి ఆనుకుని కూర్చునే ఉన్నాడు. వినాయక చవితి తర్వాత నడుం వాల్చింది లేదంది భార్య. ఎక్కడో చెప్పారట, ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపొండి అని.

సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంత అని అడిగాను, ట్రైనింగ్‌లో నేర్పినట్టే. తెల్లమొహం వేశాడు. గుమ్మంలోంచి డ్రైవర్ అన్న అందుకున్నాడు. "మావా, రూపాయికి ఎన్నణాలు?"

"పద్నాలుగు. రేత్రయితే పదారూనూ."

ఠక్కున చెప్పాడు.

మార్ఫిన్ మొదలుపెట్టాం. నాలుగ్గంటలకో మాత్ర. పడుకునేముందు రెండు, అర్ధరాత్రి లేపే పని లేకుండా. దాంతోపాటు విరేచనం మాత్ర, మర్చిపోకుండా. కొడుకు నన్ను వీధిలోకి పిలిచి, "మత్తుమందు కదా మేడమ్, అలవాటు పడిపోడా?" అన్నాడు. నొప్పిని బట్టి కొలిచి ఇస్తాం, అలా అవదు అన్నాను. నమ్మాడో లేదో.

19 అక్టోబరు, శనివారం

ఆరింటికి ఫోను. కొడుకు. గుండె జారింది.

"నాన్న పడుకున్నాడు మేడమ్. వెల్లకిలా పడుకున్నాడు."

అంతే. ఇంకేం లేదు చెప్పడానికి. అయినా ఇద్దరం కాసేపు ఫోన్ పెట్టలేదు.

ఐసీయూలో ఇన్నేళ్లు చేశాను. ఒక మనిషి నిద్రపోయాడని చెప్పడానికి నాకెవరైనా ఫోన్ చేశారా?

31 అక్టోబరు, దీపావళి

వచ్చేసరికి చీకటిపడింది. అత్తయ్య పెరటి గుమ్మం దగ్గర వేడినీళ్ల బకెట్ పెట్టించింది. "అటునించటే స్నానం చేసి రా. పండగపూట చావు మొహాలు చూసొచ్చావు." కోపంగా అనలేదు. కొళాయి కట్టెయ్యమని చెప్పినట్టు అంది.

స్నానం చేసి దీపాలు పెట్టాను. పిల్లాడు కాకరపువ్వొత్తి చేతికిచ్చాడు.

చావు మొహాలు కాదు. ఇవాళ చూసిన ముగ్గురూ బతికున్నవాళ్లే. ఒకాయన కొత్త చొక్కా వేసుకున్నాడు. ఇది అత్తయ్యకి ఎలా చెప్పను?

6 నవంబరు, బుధవారం

పూడిమడక. ఇంటికింకా దూరముండగానే వాసన.

పెద్దావిడకి పై అంగిట్లో పుండు. చెంప చీల్చుకుని బయటికొచ్చింది. చిన్నప్పట్నుంచీ అడ్డపొగ. ఈ తీరంలో ఆడాళ్లు చుట్ట నిప్పు లోపలికి పెట్టుకుని కాలుస్తారు. గాలికి ఆరిపోదని, సముద్రం ఒడ్డున అలాగే అలవాటైందని చెబుతారు. డాక్టరు గారు బండిలో చెప్పారు, 1971లోనే దీని మీద పరిశోధన అచ్చయిందట. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెజనం నోళ్లు పరీక్ష చేశారట. అన్ని నోళ్లు చూశారు. యాభై ఏళ్లు దాటిపోయాయి. చుట్ట అలాగే ఉంది.

మంచం పశువుల పాక పక్కన వేశారు. ఎవరూ చెడ్డవాళ్లు కారు. కోడలు ముక్కుకి కొంగు కట్టుకునే అన్నం పెడుతోంది. పెడుతోంది కదా.

"నా కంపు నాకే తెలుత్తంది నర్సమ్మా. ఆ గుంటల్ని రావద్దని నేనే సెప్పాను."

ఉప్పునీళ్లు కాచి చల్లార్చి కడిగాను. మెట్రోనిడజోల్ మాత్రలు పొడి కొట్టి పుండు మీద జల్లాను. పైన గుడ్డ ప్యాడ్. కోడలికి నేర్పాను. చాలా తెలివైన పిల్ల, రెండోసారికే నా చెయ్యి పట్టుకుని పక్కకి జరిపి తనే చేసింది.

13 నవంబరు, బుధవారం

పూడిమడక. వాసన సగానికి సగం తగ్గింది. మంచం అరుగు మీదికొచ్చింది.

చిన్న మనవరాలు మంచం కోడు పట్టుకుని నిలబడింది. ఇంకా దగ్గరికి వెళ్లలేదు. పెద్దావిడ పిలవనూ లేదు. చూస్తోంది, అంతే.

తిరిగొస్తూ డాక్టరు గారు ఏదో అడిగారు. గొంతు పెగల్లేదు నాకు.

16 నవంబరు, శనివారం

నర్సీపట్నం రోడ్డులో గంజాయి తనిఖీ. ఏజెన్సీ నుంచి దిగే బండ్లన్నీ ఆపుతున్నారు. మమ్మల్నీ ఆపారు. కానిస్టేబుల్ పెట్టె తెరిపించి మార్ఫిన్ పట్టీలు చూశాడు. రిజిస్టరు, ఉత్తరం ఇచ్చాను. ఒక్కో లైనూ వేలు పెట్టి చదివాడు.

"ఇది దేనికి సిస్టర్?"

చెప్పాను.

రిజిస్టరు మూసి చేతిలోనే పెట్టుకున్నాడు. "మా అమ్మ అరిచి అరిచి పోయింది. ఈ మందు అప్పుడు లేదేమో."

నేనేం మాట్లాడలేదు. మందు అప్పుడూ ఉంది. మార్ఫిన్ తీసే నల్లమందు మన దేశంలోనూ పండుతుంది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పొలాల్లో, లైసెన్సు మీద. ఘాజీపూర్‌లో, నీముచ్‌లో ప్రభుత్వ ఫ్యాక్టరీలున్నాయి. బయటి దేశాలకీ ఎగుమతి చేశాం. 1985 మత్తుమందుల చట్టం వచ్చాక ఒక ఆసుపత్రి ఈ మాత్రలు తెచ్చుకోవాలంటే ఒకదాని మీద ఒకటి లైసెన్సులు. ఒకటి వచ్చేలోగా ఇంకోదాని గడువు అయిపోయేది. ఆ గొడవకి భయపడి చాలాచోట్ల తెప్పించడమే మానేశారు. 2014లో సవరించారు, ఇప్పుడు ఒక్క అనుమతి చాలు. కేరళ నుంచి డాక్టర్ రాజగోపాల్ లాంటివాళ్లు ఏళ్లకేళ్లు తిరిగితే అయింది.

ఇదంతా ఆయనకి చెప్పి ఏం లాభం? వాళ్లమ్మ వస్తుందా?

బండి పక్క నుంచి చెయ్యూపాడు. వెనకాల లారీ హారన్ కొడుతున్నా కాసేపు అలాగే నిలబడ్డాడు.

22 నవంబరు, శుక్రవారం

చోడవరం మాస్టారు. ఊపిరితిత్తులు. రెండు వాక్యాల మధ్య ఊపిరి కోసం ఆగుతారు, వాక్యం మాత్రం పూర్తి చేస్తారు.

దిండు కింద నుంచి కాగితం తీసి ఇచ్చారు. వెంటిలేటర్ వద్దు, గొట్టాలు వద్దు, ఇంట్లోనే ఉంచండి. ఇద్దరు సాక్షులు, నోటరీ సంతకం. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ఈ హక్కు ఒప్పుకున్నప్పుడే రాయాలనుకున్నారట. అప్పట్లో మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు, ఎవరు తిరుగుతారు అని ఆగారు. 2023లో నోటరీ చాలన్నారు.

"కొడుకులకి చదివి వినిపించానమ్మా. పెద్దాడు లేచి వెళ్లిపోయాడు. చిన్నాడు ఉన్నాడు. పెద్దాడు కూడా వింటాడు లే, టైం పడుతుంది."

నేను గొట్టాలు వేసిన ముసలివాళ్లు గుర్తొచ్చారు. పీకేసుకుంటారని చేతులు మంచానికి కట్టేవాళ్లం. వాళ్లలో ఎవరినైనా ముందు ఒకసారి అడిగి ఉంటే?

9 డిసెంబరు, సోమవారం

కశింకోట వైపు. నాకన్నా చాలా చిన్నది. గర్భాశయ ముఖద్వారం. అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రిలో కరెంటు (రేడియేషన్) పెట్టారు, కొన్నాళ్లు బాగుంది, మళ్లీ వచ్చింది.

భర్త వీధి చివరికే ఎదురొచ్చాడు. "అదేదో ఆమెకి తెలీదు మేడమ్. గడ్డ అని చెప్పాం. దయచేసి మీరూ అలాగే..."

లోపల దువ్వెన ఇచ్చి జడ వెయ్యమంది. వేస్తుంటే, అద్దంలోంచి, "ఆయనకి చెప్పకండక్కా, నాకు తెలుసని. తట్టుకోలేడు."

ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు మోస్తున్నారు. చిక్కులు తీస్తూ ఎంతసేపు కూర్చున్నానో. చివరికి అడిగాను, "ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టనా? నేనూ ఉంటాను."

జవాబు చెప్పలేదు. రిబ్బన్ అందించింది.

12 డిసెంబరు, గురువారం

కూర్చున్నారు.

ఏడుపు. ఆ తర్వాత, నేను అనుకోనిది, పనులు. డ్వాక్రా అప్పు ఎంత మిగిలిందో ఆమె చెప్పింది. బంగారం ఏ సంఘంలో కుదువ ఉందో చెప్పింది. పాపని ఎవరు పెంచాలో తనే తేల్చింది. అత్తా కాదు, అమ్మా కాదు, రెండో అక్క. "అది కొట్టదు." పాప పేరు మీద పోస్టాఫీసులో సుకన్య ఖాతా తెరవాలంది. ఆయన తల ఊపుతూ నోటుబుక్కులో రాసుకున్నాడు. రాస్తున్నంతసేపూ ఆమె చెయ్యి ఆయన మోకాలి మీదే.

గదిలో అంత బరువున్న మాటలు. ఆమె మొహం మాత్రం తేలికపడింది. నొప్పి ఎంత అని అడిగితే నాలుగణాలంది. మందు మేమేం పెంచలేదు.

20 డిసెంబరు, శుక్రవారం

కశింకోట చెల్లి వెళ్లిపోయింది. ఖాతా పుస్తకం నిన్ననే వచ్చిందట. చూసిందట.

అత్తయ్య అడిగింది, "ఏటలా ఉన్నావు?" చెప్పాను. "పిల్లకెన్నేళ్లు?" అంది. ఆరు అన్నాను. ఆ తర్వాత ఆవిడా అన్నం సరిగా తినలేదు.

8 జనవరి 2025, బుధవారం

కలాసీకి మార్కెట్ చూడాలని కోరిక. భార్య ఒద్దంది, కొడుకు ఒద్దన్నాడు. డాక్టరు గారు, "ఏం, ఎందుకొద్దు?" అన్నారు.

నవంబరులో అగనంపూడిలో వెన్నుకి ఒక్కసారి కరెంటు పెట్టించాం. కూర్చోగలుగుతున్నాడు, కాళ్లలో మాత్రం బలం లేదు. బయల్దేరే అరగంట ముందు అదనపు మాత్ర. ఆటోలో దిళ్లు. గేటు దగ్గర ఆయనతో పనిచేసినవాళ్లు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురు నాలుగు కోళ్లు పట్టి లేపారు. "ఎన్ని దిమ్మలు మోసుంటావు మావా, ఇవాళ నిన్ను మేం మోత్తాం" అన్నాడొకడు.

సంక్రాంతి ముందు సరుకు. వరసలు వరసలుగా దిమ్మలు. షావుకార్లు రంగు చూసి ధర కడుతున్నారు. ఈయన కుర్చీలోంచే ఒక్కో వరస చూసి ఏ వైపు ఊళ్ల సరుకో, పాకం ఎక్కడ ముదిరిందో, దేన్లో రంగు కోసం మందు ఎక్కువ కలిపారో చెబుతున్నాడు. ఒక రైతు చిన్న ముక్క గిల్లి నోట్లో పెట్టాడు. కళ్లు మూసుకుని చప్పరించి, "శారద నీళ్లు" అన్నాడు. రైతు పకపకా నవ్వాడు. నిజమేనట, ఏటి పక్క తోటే.

అక్కడ ఆయన రోగి కాడు. సరుకు తెలిసిన మనిషి. అందరూ ఆయన మాట కోసం ఆగారు.

నొప్పి అడగడం మర్చిపోయాను. ఆయనా చెప్పడం మర్చిపోయాడు.

10 జనవరి, శుక్రవారం

కలాసీ భార్య పండక్కని బెల్లం ఇచ్చింది. చిన్న దిమ్మ, తాటాకులో చుట్టి. ఏమీ తీసుకోకూడదని మా యూనిట్ పద్ధతి. తీసుకున్నాను. రేపు డాక్టరు గారికి చెబుతాను, అందరం తింటాం.

ట్రైనింగ్‌లో చెప్పారు, లండన్‌లో సిసిలీ సాండర్స్ అని ఒకావిడ. మొదట నర్సే. నడుంనొప్పి వల్ల నర్సు పని మానాల్సొచ్చింది. తర్వాత డాక్టరయింది. డాక్టరు కాకముందు ఆవిడ చూసిన ఒక రోగి, పోలండ్ నుంచి వచ్చిన యూదుడు, నా అన్నవాళ్లు లేనివాడు, 1948లో పోతూ పోతూ 500 పౌండ్లు ఆవిడకి రాసిచ్చాడు, నువ్వు కట్టబోయే ఇంటికి కిటికీ నాదని. ఆ ఇల్లు, అంటే హాస్పిస్, కట్టడానికి 1967 దాకా పట్టింది. మనకి మొదటిది బొంబాయిలో, శాంతి అవేదన, 1986.

ఇచ్చేవాడి మొహం చూస్తే ఒద్దనడం ఎలా? వాళ్లకి ఇవ్వడానికి ఇంకా ఏదో ఉంది. అది కూడా లాక్కుంటామా?

15 జనవరి, కనుమ

శంకరం రోడ్డంతా జనం. బొజ్జన్నకొండ తీర్థం. బండి కదల్లేదు. కదిలేదాకా డ్రైవర్ అన్న చెరకు ముక్కలు కొనిపెట్టాడు.

డ్రాయర్లో కాగితం కనబడింది. సంక్రాంతి దాకా అనుకున్నాను కదా. దాని వెనక వైపు రేపటి ఇళ్ల వరస రాసుకున్నాను.

4 ఫిబ్రవరి, మంగళవారం

పూడిమడక పెద్దావిడ పోయింది, తెల్లవారుజామున. వెళ్లేసరికి కోడలు స్నానం చేయించి, చెంపకి శుభ్రమైన ప్యాడ్ కట్టి ఉంచింది. "ఇంక కట్టక్కర్లేదు కదమ్మా" అని ఎవరో అంటే, "అందరూ దగ్గరికొచ్చి సూడాల కదా" అంది.

వచ్చారు. పిల్లలు కూడా. ఎవరూ ముక్కు మూసుకోలేదు.

27 ఫిబ్రవరి, గురువారం

నిన్న శివరాత్రి. కలాసీ రాత్రి రెండింటికి.

సాయంత్రం నుంచీ గొంతులో గుర్రుమంటోంది. ఇంట్లోవాళ్లకి అది భయం. పక్కకి తిప్పి పడుకోబెట్టాను, ఇంజెక్షన్ ఇచ్చాను. ఆయనకి బాధ లేదు, మనకి వినడానికే బాధ అని చెప్పాను. భార్య నోట్లో నీళ్లు పొయ్యబోతే, దూదితో పెదాలు తడపమన్నాను. తడిపింది. కొడుకు గడ్డం గీశాడు, బతికుండగానే, నెమ్మదిగా. జాగారం ఎలాగూ ఉంది కదా అని సందులోవాళ్లంతా అరుగు మీదే కూర్చున్నారు. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది. తర్వాత ఊపిరి లేదు. భార్య నా వైపు చూసింది. తల ఊపాను. అప్పుడు ఏడిచింది.

నేనూ ఏడిచాను. ఏడవకూడదని ఎక్కడా రాసి లేదు.

ఇంటికొచ్చేసరికి పెరట్లో వేడినీళ్లు. పక్కనే స్టీలు క్యారియరు. అన్నం, పప్పు, వేడిగా. "వాళ్లింట్లో ఇవాళ పొయ్యి ఎలిగించరు కదా. డ్రైవర్ చేత పంపు" అంది అత్తయ్య.

9 మార్చి, ఆదివారం

కలాసీ కర్మకి పిలిచారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో చావు తర్వాత నన్ను పిలిచి అన్నం పెట్టిన ఇల్లు ఇదే మొదటిది. బంధువుల పంక్తిలో కూర్చోబెట్టారు.

కొడుకు మిగిలిన మార్ఫిన్ మాత్రలు లెక్కపెట్టి తెచ్చిచ్చాడు. రిజిస్టరులో నా చేతే రాయించి, పక్కన సంతకం పెట్టాడు. తర్వాత, "మా వీధి చివర ఇంకో ఆయన ఉన్నాడు మేడమ్. నేను చెప్పాను వాళ్లకి. అలవాటు పడిపోరని కూడా చెప్పాను."

29 మార్చి, శనివారం

కొత్త అమావాస్య. నూకాలమ్మ దగ్గర ఇసకేస్తే రాలని జనం. మా వీధిలోంచే ఘటాలు. డప్పులకి మాటలు వినపడలేదు.

దర్శనం నుంచి వచ్చి అత్తయ్య ట్రంకుపెట్టె తీసింది. మెత్తబడిన పాత నేత చీరలు. మావయ్యగారు కొన్నవి కూడా ఉన్నాయి అందులో. "ప్యాడ్లకి గుడ్డ కావాలంటావు కదా. ఇవి బాగా పీలుస్తాయి."

ఇద్దరం కూర్చుని చింపాం. కుక్కర్లో ఎంతసేపు ఉడకబెట్టాలో అడిగింది.

6 ఏప్రిల్, శ్రీరామనవమి

పానకం కలుపుతూ, నా మొహం చూడకుండా అత్తయ్య: "నాకు అలాటిదొస్తే ఐసీయూలో పెట్టకండి. నువ్వే చూడు."

మిరియాలు నూరుతూ సరే అన్నాను. మాస్టారి కాగితం నకలు నా దగ్గరుంది. పండగయ్యాక చూపిస్తాను. మాస్టారు ఇంకా ఉన్నారు. పెద్దకొడుకు వారం వారం వస్తున్నాడు.

12 మే, సోమవారం

నర్సుల దినం. కేకు కోశారు.

మధ్యాహ్నం ఐసీయూ నుంచి జూనియర్ ఫోన్. "అక్కా, అక్కడ మీకు కష్టంగా లేదా? అందరూ పోయేవాళ్లే కదా?"

కష్టమే అన్నాను. ఇక్కడ నేను చేసిన పని ఆ పూటే కనిపిస్తుందని కూడా అన్నాను. పుండు వాసన తగ్గితే ఇంట్లో మనిషికి మనిషి దగ్గరవుతారు. నొప్పి తగ్గితే మాటలొస్తాయి. చేసేదేం లేదని పంపించేసిన ఏ ఇంట్లోనూ చేసేదేం లేకపోవడం నేను చూడలేదు. ఇంతసేపు ఎవరితోనూ మాట్లాడలేదు ఈ మధ్య.

మాకు ఇళ్లు పెరిగాయి. నర్సుని నేనొక్కదాన్నే. మాడుగుల, రావికమతం వైపు పిలుస్తున్నా వెళ్లలేకపోతున్నాం. ఇంకో నర్సుని ఇవ్వమని డాక్టరు గారు రాశారు, కింద నా సంతకం కూడా ఉంది. జూనియర్‌ని ముందు ఒక వారం నాతో బండెక్కమన్నాను. సోమవారం నుంచి వస్తానంది.